కింది నుంచి సముద్రం

చిలీ తీరాన లోటాలో, ఫైరింజన్ల షెడ్డు మీది గదిలో
బుధవారం మూడింటికి మా నీటిరంగుల క్లాసు.
కన్సెప్షన్ నుంచి బస్సులో వస్తాను,
ఒళ్లో కాగితాల కట్ట, తడవకుండా ప్లాస్టిక్ సంచీలో.
నాకు ముప్ఫై ఒకటి. వాళ్ల తొమ్మిదిమంది వయసూ కూడితే
మూతపడ్డ ఆ గని కన్నా పెద్దది.

మొదటి రోజే ఉబల్దీనా బ్రష్షును టీలో ముంచింది.
"పర్లేదు, రంగు బాగా దిగింది" అంటూ తాగేసింది.
ఆమె గీసేది ఒకటే, పక్కింటి కోడి.
పక్కింటావిడతో పన్నెండేళ్లుగా మాటల్లేవు.
కోడి మాత్రం వారం వారం అందంగా తయారవుతోంది.

ఎర్మిందా ఆరు వారాలు బ్రష్షు ముట్టుకోలేదు.
తెల్ల కాగితం పాడుచేయడానికి చేతులు రాలేదట.
నలభై ఏళ్లు మొగుడి చొక్కాల్లోంచి బొగ్గు పిండిన చేతులు.
ఏడో వారం నా గిన్నె ఒలికింది, ఆమె కాగితం మీదే.
నేను అయ్యో అనేలోపు
గుడ్డతో అద్ది, అద్ది, కొంచెం రుద్ది,
నీలంలోంచి ఒక మబ్బును బయటికి లాగింది.
కాలేజీలో నాకు రెండేళ్లు పట్టిన పని.
ఇప్పుడు మబ్బు కావాల్సిన వాళ్లంతా
ఎవరి ఆకాశం వాళ్లు పట్టుకొచ్చి
ఆమె కుర్చీ ముందు వరస కడతారు.

ఇక ఎలెవుతేరియో.
ముప్ఫై మూడేళ్లు సముద్రం కింద బొగ్గు తవ్వాడు.
నెత్తి మీద రాయి, రాయి మీద నీళ్లు, నీళ్ల మీద పడవలు.
"సముద్రం గీయండి" అన్నాను, కిటికీలోంచి చూపిస్తూ.
కాగితం నాలుగు మూలలూ నల్లగా నింపి ఇచ్చాడు.
మళ్లీ బుధవారం, మళ్లీ నలుపే.
నేను చదివిన పుస్తకాల్లో దీనికో పేరుంది, పెద్ద పేరు.
గొంతు మెత్తగా చేసుకుని అడిగాను,
"పెద్దాయనా, కాస్త వేరే రంగు కూడా..."

జాలిగా చూశాడు.
నా వేలు పట్టుకుని కాగితం మీద నడిపించాడు.
"ఇది దీపం ఆరిపోయిన చీకటి.
ఇది అన్నం తినేటప్పుడు మేమే ఆర్పుకున్నది, మంచిది, చల్లగా ఉంటుంది.
ఇక్కడ పక్కవాడి ఊపిరి తగులుతుంది, చూడు.
ఇది తడి నలుపు. దీని పైనే సముద్రం.
మీరంతా దాని వీపు చూశారమ్మా.
నేను కడుపు చూశాను."

ఆ సాయంత్రం బస్సులో
పుస్తకంలోని పెద్ద పేరు ఎంతకీ గుర్తు రాలేదు.

జూలైలో మున్సిపాలిటీ ఫారాలు వచ్చాయి.
ఈ కార్యక్రమం వల్ల మీ ఒంటరితనం ఎంత తగ్గింది?
ఒకటి నుంచి ఐదు, ఏదో ఒకదానికి సున్నా చుట్టండి.
"నాకు ఒంటరితనం ఉందని వీళ్లకెవరు చెప్పారు?"
ఉబల్దీనా ఫారం వెనక్కి తిప్పింది.
మందపు కాగితం, అటువైపంతా ఖాళీ.
కాసేపటికి తొమ్మిది ఫారాల వెనకా తొమ్మిది బొమ్మలు,
అందులో ఒకటి కోడి.
అలాగే పంపించేశాను. వచ్చే ఏడు డబ్బులిస్తారో ఇవ్వరో.

ఆ రోజే వాన. పైకప్పు రేకు సందులోంచి
ఒక చుక్క జారి ఎలెవుతేరియో నలుపు మధ్యలో
టప్‌మంది.
మగవాళ్ల చేతులు ఆగిపోయాయి, నలుగురివీ ఒక్కసారే.
వాళ్ల ముఖాలు చూసి ఆడవాళ్లూ ఆగారు.
నేను బకెట్టు కోసం లేచాను.

ఎర్మిందా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.
గనిలో కప్పు నుంచి చుక్క రాలితే
ముందు నాలుక మీద వేసుకోవాలట.
చప్పగా ఉంటే కొండ నీరు.
ఉప్పగా ఉంటే పరుగు.

పెద్దాయన అరచేయి చాపి
రెండో చుక్క పడేదాకా ఆగాడు.
నాలుకకి అద్దుకున్నాడు.
కళ్లు మూసుకుని ఎంతసేపో.

"ఉప్పు లేదు" అన్నాడు,
"గీసుకోండి."